శ్రీశైలం మట్టం పెరిగేలోపు తీరం చేనుకు ఎన్ని రోజులున్నాయి?

చింతమొద్దు | జూన్ 24, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. మాది కొల్లాపూర్ వైపు, సోమశిలకు ఎగువన కృష్ణ ఒడ్డు. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లలో మా తాతగారి ఊరు ఒకటి. వేసవిలో నీళ్లు వెనక్కి పోయి మా పాత భూమి బయటపడుతుంది. ఏటా అందులోనే పంట వేసుకుంటాం. ఈసారి మార్చి 20 ప్రాంతంలో రెండెకరాల్లో వేరుశనగ విత్తి, ఆయిలింజనుతో జలాశయం నీళ్లే తోడి తడిపాం.

మా నాన్నకు ఒక లెక్క ఉంది. పాత ఊరి చావడి దగ్గరి చింతచెట్టు మొద్దు ఇప్పటికీ అక్కడే నిలిచి ఉంది. పత్రికలో వచ్చే శ్రీశైలం మట్టాన్ని ఆయన ఏళ్ల తరబడి ఆ మొద్దుతో సరిచూసి నోటు పుస్తకంలో రాసుకున్నారు. సముద్రమట్టం నుంచి 846 అడుగులకు మొద్దు మునుగుతుంది. 848కి మా చేను కింది గట్టు తడుస్తుంది. 852కి చేనంతా నీళ్లే. ఈ ఉదయానికి మొద్దు కన్నా పది అడుగుల కింద ఉన్నాయి నీళ్లు.

కాయ ముదరడానికి ఇంకా రెండు వారాలు కావాలి. పైన వరద మొదలైందంటున్నారు. మాకు ఎన్ని రోజుల గడువు ఉందో లెక్క కట్టగలవారు ఎవరైనా ఉన్నారా?

కేసీ కాలువ రైతు | జూన్ 24, రాత్రి 9.05

తమ్ముడూ, మాది నంద్యాల వైపు. నువ్వు నీళ్లు ఎప్పుడు వస్తాయోనని భయపడుతున్నావు, మేము ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూస్తున్నాం. నీ చేను మునిగే 848 దాటి, 854 కూడా దాటితే తప్ప, జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు తీసే పోతిరెడ్డిపాడు తూము నుంచి మాకు చెప్పుకోదగ్గ నీళ్లు రావు. నీ పంట చేతికి రావాలనే కోరుకుంటున్నాను. కానీ మా కోరిక కూడా ఇదీ అని చెప్పకపోతే అబద్ధమాడినట్టు అవుతుంది.

నల్లమల నీడ | జూన్ 24, రాత్రి 10.20

నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. లెక్క చెబుతాను బాబూ, నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపు అడుగులు) నీళ్లు ఒక్క రోజులో చేరాలంటే 24 గంటలూ 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపు అడుగులు) రావాలి. అంటే లక్ష క్యూసెక్కుల వరద రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. శ్రీశైలంలో 834 అడుగుల దగ్గర నిల్వ సుమారు 54 టీఎంసీలు, 854 దగ్గర సుమారు 89. ఈ 20 అడుగుల మధ్య అడుగుకు సగటున ఒకటిన్నర నుంచి రెండు టీఎంసీలు పడతాయనుకో. మీ నాన్నగారి లెక్కన ఇప్పుడు మట్టం 836. చేను గట్టు తడవడానికి 12 అడుగులు, అంటే 20 నుంచి 22 టీఎంసీలు చాలు.

కిందికి వదిలేది పోగా నికరంగా 40 వేల క్యూసెక్కులు చేరుతుంటే ఆరు రోజులు. లక్ష చేరుతుంటే రెండున్నర రోజులు. పై అడుగుల్లో జలాశయం వెడల్పు కాబట్టి మట్టం నిదానంగా పెరుగుతుంది. 854 నుంచి నిండు మట్టమైన 885 వరకు ఉన్న 31 అడుగుల్లోనే మొత్తం 215.81 టీఎంసీల్లో సగానికి పైగా పడుతుంది. కింది అడుగులు ఇరుకు. అక్కడ నీళ్లు పరుగెత్తుకొస్తాయి. మీ చేను ఆ ఇరుకులోనే ఉంది.

కాబట్టి ఆనకట్ట దగ్గరి మట్టాన్ని చూస్తూ కూర్చోవద్దు, అది నీకు ఆలస్యంగా చెబుతుంది. ఎగువ చూడు. కర్ణాటకలోని ఆలమట్టి డ్యాంలో 120 టీఎంసీలకు పైగా పడతాయి. అది నిండే దాకా కృష్ణ మీ వైపు పెద్దగా కదలదు. అది నిండి, దాని దిగువన నారాయణపూర్ గేట్లు తెరిచారంటే ఇక మీ పైనున్న జూరాల ప్రాజెక్టు ఆపలేదు, దాని సామర్థ్యం పది టీఎంసీలకు లోపే. మధ్యలో భీమా కలుస్తుంది, ఆ నది వరద వేరు. రెండో వైపు తుంగభద్ర డ్యాం, ఆ తరువాత సుంకేసుల బ్యారేజీ. రోజూ జూరాల, సుంకేసుల నుంచి వదిలే క్యూసెక్కులు కలుపుకో. శ్రీశైలం విద్యుత్కేంద్రాలు, కాలువలు తీసుకునేది తీసెయ్. మిగిలినదాన్ని 11,574తో భాగించు. ఆ రోజు చేరిన టీఎంసీలు వస్తాయి.

చింతమొద్దు | జూన్ 25, ఉదయం 6.15

సార్, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాన్న మీ లెక్కను తన పుస్తకంలో రాయించుకున్నారు. రెండున్నర రోజులు అనేసరికి చాలాసేపు మాట్లాడలేదు. గత కొన్నేళ్లలో నీళ్లు ఎప్పుడు వచ్చాయో చూసుకుంటే ఒక తీరు దొరుకుతుందా?

నల్లమల నీడ | జూన్ 25, ఉదయం 7.30

దొరకదు. 2023లో శ్రీశైలం గేట్లు ఎత్తే అవసరమే రాలేదు. 2024లో జూలై నెలాఖరున ఎత్తారు. 2025లో జూలై 8కే ఎత్తారు. ఆగస్టు దాకా భయం లేదన్న పాత నమ్మకాన్ని పట్టుకుని తీర భూమిలో పంట వేయడం ఇక కుదరదు.

రెండో షిఫ్టు | జూన్ 25, మధ్యాహ్నం 2.50

జలవిద్యుత్కేంద్రంలో పనిచేసినవాణ్ణి. మా వైపు నుంచి ఒక మాట.

ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్లవి ఏడు. ఎడమగట్టు ఆరు యూనిట్లూ పూర్తిగా తిరిగితే సుమారు 35 వేల క్యూసెక్కులు దిగువకు పోతాయి. రోజుకు మూడు టీఎంసీలు. అలా 24 గంటలు తిరిగితే వచ్చేది 2 కోట్ల 16 లక్షల యూనిట్ల కరెంటు. టీఎంసీకి సుమారు 70 లక్షల యూనిట్లన్నమాట. ఇది నిండు మట్టానికి దగ్గరగా ఉన్నప్పటి లెక్క. మట్టం 50 అడుగులు పడిపోతే అదే టీఎంసీకి కరెంటు దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. అందుకే, కరెంటు వాళ్లకు జలాశయం ఖాళీ చేయడమే పని అనుకోవడం సరికాదు. మాకూ నిండుగా ఉంటేనే మేలు. కానీ సాయంత్రం సౌర విద్యుత్తు పడిపోయి, ఊరూరా దీపాలు వెలిగే వేళ నిమిషాల్లో అందుకోగలిగేది నీటి కరెంటే. ఆ వేళకు యూనిట్ తిప్పమని ఆదేశం వస్తే తిప్పాలి.

ఎడమగట్టువి తిరగేసి నడిపే టర్బైన్లు. దిగువనున్న నాగార్జునసాగర్ వైపు నుంచి నీళ్లు మళ్లీ పైకి తోడవచ్చు. పగటి పూట సౌర విద్యుత్తు మిగిలే ఈ రోజుల్లో ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకుంటే మట్టం మీద ఒత్తిడి కొంతైనా తగ్గుతుందని నా గట్టి నమ్మకం. 2020 ఆగస్టులో ఆ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది పోయారు. ఆ గోడల మధ్య పనిచేసేవాళ్లు తీరం మీది వాళ్లకు శత్రువులు కారని చెప్పడానికే ఇంత రాశాను.

కేసీ కాలువ రైతు | జూన్ 25, సాయంత్రం 6.10

అన్నా, మీ కష్టం మీద గౌరవం ఉంది. కానీ జూన్, జూలైలో చేరిన కొద్దిపాటి వరదను కూడా టర్బైన్ల గుండా దించేస్తే మట్టం 854 దాటేది ఎప్పుడు? 1996లో జీవో 69తో కనీస మట్టాన్ని 834కి దించారు. రాయలసీమ గొంతెత్తితే 2004లో జీవో 107 ఇచ్చి మళ్లీ 854 చేశారు. కాగితం మీద 854 ఉంది. నీళ్లలో మాత్రం ఏటా వేసవికి అంతకన్నా కిందికే పోతోంది. పోతిరెడ్డిపాడు తూము అడుగు భాగమే 841 దగ్గర. 44 వేల క్యూసెక్కులకు విస్తరించామని చెప్పుకోవడానికే తప్ప, మట్టం నిండుగా ఉండే స్థాయికి దగ్గరగా లేకపోతే అందులో చిన్న వంతే పారుతుంది. మాకు దొరికేది ఏడాదిలో కొన్ని వారాల వరద. ఆ వారాల్లోనే బనకచర్ల రెగ్యులేటరు నుంచి తెలుగుగంగ, కేసీ కాలువ, గాలేరు నగరి అన్నీ నిండాలి. చెన్నై తాగునీరు పోవలసింది కూడా ఆ దారినే.

పాలమూరు పత్తిచేను | జూన్ 25, సాయంత్రం 7.45

కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రైబ్యునల్ శ్రీశైలాన్ని విద్యుత్ ప్రాజెక్టుగానే చూసింది. ఆ నీళ్లు సాగర్‌కు దిగితే పోయినట్టు కాదు. ఎడమ కాలువ, కుడి కాలువ, హైదరాబాద్ తాగునీరు, కింద కృష్ణా డెల్టా, అన్నీ సాగర్ మీదే ఆధారపడ్డాయి. మా పాలమూరు నదిని పక్కన పెట్టుకుని వలసపోయిన జిల్లా. కల్వకుర్తి ఎత్తిపోతలకు నీళ్లు ఈ జలాశయం నుంచే రావాలి. మునిగిన ఊళ్లలో మా ఊళ్లూ ఉన్నాయి. 854 అనేది మీకు గీత కావచ్చు, మాకు కాదు.

కేసీ కాలువ రైతు | జూన్ 25, రాత్రి 8.00

మునిగిన ఊళ్లు మా వైపూ ఉన్నాయండీ. ఆ బాధలో పోటీ వద్దు.

నిర్వాహకుడు | జూన్ 25, రాత్రి 8.20

సభ్యులకు మనవి. రెండు రాష్ట్రాల వాటాల మీద ఈ వేదికలో వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ ఒక రైతు రెండు వారాల గడువు గురించి అడిగారు. ఆయనకు పనికొచ్చేది రాయండి.

సంగమం | జూన్ 26, ఉదయం 9.30

నేను నిర్వాసితుల మనవరాలిని. హైదరాబాద్‌లో ఉంటాను. నిర్వాహకుడి మాటను గౌరవిస్తూనే ఒకటి చెప్పాలి.

మా అమ్మమ్మది కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గరి ఊరు. అక్కడి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి కట్టారు. అలంపురం గుళ్లకు చుట్టూ కట్ట కట్టి కాపాడారు. నంద్యాల జిల్లా వైపు సప్తనదీ సంగమంలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని మాత్రం అలాగే వదిలేశారు. మట్టం 840 అటూ ఇటుగా దిగినప్పుడు అది బయటపడుతుంది, వేపదారు శివలింగం దర్శనమిస్తుంది. నీళ్లు మళ్లీ గడప తొక్కే వేళ అర్చకులు చివరి పూజ చేసి పడవ ఎక్కుతారు. మేము ఏటా ఆ దర్శనానికి వెళ్లాలనుకుంటాం. ఎప్పుడు వెళ్లాలో చెప్పేవాళ్లు ఉండరు. ఫోనులో ఎవరో పెట్టిన ఫొటో చూసి బయలుదేరేసరికి శిఖరం మాత్రమే కనిపిస్తుంది.

ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు తమకు చాలినంత గడువు ఇవ్వలేదని అమ్మమ్మ చివరి దాకా చెప్పేది. ఇన్నేళ్ల తరువాత కూడా ఒడ్డు మీది మనిషికి నీళ్ల రాకపోకలు ఎవరో తెలిసినవాళ్లను అడిగి తెలుసుకోవలసిన విషయంగానే ఉన్నాయి. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. మట్టం ఎంత ఉండాలో పెద్దలు తేల్చుకుంటారు, సరే. అది ఏ వారానికి ఎంత ఉండబోతోందో మాకెందుకు చెప్పరు?

నల్లమల నీడ | జూన్ 26, ఉదయం 11.15

అమ్మా, నువ్వు అడిగినదానికి మా వృత్తిలో రూల్ కర్వ్ అని పేరు. ఏ నెలలో జలాశయాన్ని ఏ మట్టంలో ఉంచాలో ముందే గీసుకునే గీత అది. వరద ఎంత పట్టుకోవాలి, ఎంత ఖాళీ ఉంచాలి, సాగుకు ఎంత, కరెంటుకు ఎంత, అన్నీ అందులో ఇమడాలి. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చాక దాని మీద ఎన్నో సమావేశాలు జరిగాయి. రెండు రాష్ట్రాలకూ ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ గీత కుదిరినా అందులో మీ ఊరి రేవు, ఆ బాబు చేను కనబడవు. నేను సర్వీసులో ఉండగా ఎన్నో మట్టాల పట్టికలు తయారుచేశాను. పై అధికారులకు పంపాను, పక్క కేంద్రానికి పంపాను. ఒడ్డు గ్రామానికి పంపాలన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు అది తప్పు అనిపిస్తోంది.

ఖాళీ ఉంచడం గురించి కూడా చెప్పాలి. జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలని కోరుకునేవారు 2009 అక్టోబరు 2ను మరిచిపోకూడదు. నిండుగా ఉన్న దశలో 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. గేట్లన్నీ ఎత్తినా అంత నీరు దించే శక్తి ఆనకట్టకు లేదు. మట్టం 885 దాటి 896 అడుగుల పైకి పోయింది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. ఆ రాత్రి ఆనకట్ట నిలబడుతుందా అని ఊపిరి బిగబట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పైగా పూడిక వల్ల కట్టినప్పటి 308 టీఎంసీల సామర్థ్యం ఇప్పుడు 215.81కి తగ్గింది. వరదను పట్టుకునే చోటు అంత మేర పోయినట్టే. అందుకే సెప్టెంబరు చివర కూడా కొన్ని అడుగులు ఖాళీ ఉంచాలంటే మాకు పిసినారితనం కాదు, ప్రాణభయం.

పుట్టి | జూన్ 26, రాత్రి 9.00

మా వాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ ఒడ్డునే ఉండిపోయిన చేపలవాళ్లు. నేను ఇక్కడే పుట్టాను. మాకు మట్టం ఎంత అన్నదానికన్నా ఎంత తొందరగా మారుతుంది అన్నదే ముఖ్యం. రాత్రి వల వేసి వస్తాం. తెల్లారేసరికి నీళ్లు దిగిపోయి వల ముళ్ల కంపల మీద ఆరుతూ ఉంటుంది. పెరిగేటప్పుడు గుడిసె ముందు కట్టిన పుట్టి కొట్టుకుపోతుంది. చింతమొద్దు అన్నా, ఒక మాట. మీ వైపు వరద వచ్చే ముందు రంగు మారుతుంది. పచ్చగా ఉన్న నీళ్లలో ఎర్రటి చార కనబడితే జూరాల నీళ్లు వచ్చేసినట్టే. అప్పుడు ఇక పత్రిక చూడకండి.

నల్లమల నీడ | జూన్ 26, రాత్రి 9.40

ఈ అబ్బాయి చెప్పింది నేను మరిచిపోయిన విషయాన్ని గుర్తుచేసింది. చింతమొద్దు బాబూ, నా లెక్కలో ఒక లోపం ఉంది, సరిదిద్దుకో. మట్టం తక్కువగా ఉన్నప్పుడు మీ ఎగువ భాగం చెరువు కాదు, నదే. పత్రికలో వచ్చేది ఆనకట్ట దగ్గరి మట్టం. పెద్ద వరద వస్తున్నప్పుడు నీటి పైభాగం సమతలంగా ఉండదు, మీ వైపు ఎత్తుగా, ఆనకట్ట వైపు పల్లంగా ఉంటుంది. నాన్నగారి గుర్తులు నీళ్లు నిలకడగా ఉన్న రోజుల్లో పెట్టినవి. అందువల్ల అక్కడ 845 అని రాసిన రోజునే మీ మొద్దు మునిగిపోవచ్చు. నేను చెప్పిన గడువులోంచి కనీసం ఒక రోజు తీసెయ్.

చింతమొద్దు | జూన్ 29, రాత్రి 7.30

జూరాల గేట్లు తెరిచారని వార్త వచ్చింది. ఈ సాయంత్రం నాలుగు చోట్ల మొక్క పీకి చూశాం. పెంకు ఒలిచి చూస్తే లోపలి గోడ కొన్నింటిలో నల్లబడింది, సగానికి పైగా ఇంకా తెల్లగానే ఉంది. నాన్న ఆగుదామంటున్నారు, అమ్మ పీకేద్దామంటోంది.

కేసీ కాలువ రైతు | జూన్ 29, రాత్రి 7.50

తమ్ముడూ, పల్లం వైపు సాళ్లు ముందు పీకెయ్. కాయ కాస్త లేతగా ఉన్నా పచ్చికాయగా అమ్ముడవుతుంది, ఉడకబెట్టుకునేవాళ్లు కొంటారు. మెరక వైపు మాత్రం చివరి రోజు దాకా ఉంచు. రెండెకరాలకూ ఒకే తేదీ పెట్టుకోవద్దు. కూలీలు దొరకకపోతే ఈ రాత్రికే చెప్పు. మా బంధువులు నీకు అవతలి ఒడ్డునే ఉన్నారు, పడవ మీద వస్తారు.

చింతమొద్దు | జూలై 1, రాత్రి 9.15

కింది అర ఎకరం పూర్తయింది. అన్న పంపిన ఆరుగురు అవతలి ఒడ్డు నుంచి వచ్చారు. కూలి ఇస్తే మొదట తీసుకోలేదు, అమ్మ పట్టుబట్టి ఇచ్చింది. మధ్యాహ్నం నీళ్లలో ఎర్ర చార కనిపించింది.

చింతమొద్దు | జూలై 5, ఉదయం 10.40

మూడో తేదీ రాత్రి మొద్దు మునిగింది. ఆ రోజు పత్రికలో ఉన్న మట్టం నాన్న గుర్తు కన్నా ఒకటిన్నర అడుగు తక్కువ. సార్ చెప్పిన ఏటవాలు కళ్లారా చూశాం. నిన్న తెల్లవారే దాకా బ్యాటరీ దీపాల వెలుతురులో పీకాం. ఎకరంన్నర చేతికి వచ్చింది. చివరి అర ఎకరం నీళ్ల కిందికి పోయింది. ఆ భూమి కాగితాల మీద మాది కాదు కాబట్టి పోయినదానికి ఎక్కడా రాసుకునేది లేదు. కానీ ఆనకట్ట మట్టం మీదే లెక్క పెట్టుకుని కూర్చుని ఉంటే మొత్తం పోయేది.

నాన్న పుస్తకంలో ఇప్పుడు మరో రెండు గడులు గీశారు. మట్టం పక్కనే జూరాల, సుంకేసుల విడుదల కూడా రాస్తున్నారు. వాటిని ఇక్కడ పెట్టమన్నారు. వరద ఉన్న రోజు గుర్తులు వేరుగా, నిలకడ నీటి గుర్తులు వేరుగా పెడుతున్నాను. నిలకడ నీటికి: చింతమొద్దు తల 846, చేను కింది గట్టు 848, పాత బడి అరుగు 851, చేను పై గట్టు 852. మీ మీ ఒడ్డున ఏ గుర్తు ఏ మట్టానికి మునుగుతుందో ఎవరైనా చేర్చితే ఇదే చర్చలో ఒకచోట రాసి ఉంచుతాను.

సంగమం | జూలై 5, మధ్యాహ్నం 12.05

నేను మొదలుపెడతాను. సంగమేశ్వరం గుడి ప్రాంగణం, 840 అటూ ఇటుగా. సరిగ్గా ఎంతో వచ్చే వేసవిలో నేనే వెళ్లి రాసుకొస్తాను. చింతమొద్దు గారూ, నీళ్లు మళ్లీ ఆ మొద్దు కిందికి దిగిన రోజున ఇక్కడ ఒక్క మాట రాయండి. అమ్మను తీసుకుని బయలుదేరతాను.

నల్లమల నీడ | జూలై 5, మధ్యాహ్నం 1.30

శ్రీశైలం స్పిల్‌వే గేట్ల అడుగు 830. పోతిరెడ్డిపాడు తూము అడుగు 841. ఈ రెండూ పట్టికలో చేర్చు. గుర్తులన్నీ కూడాక రోజువారీ విడుదలలతో కలిపి ఒక పట్టిక నేను వేసి ఇస్తాను. పదిరోజులు గడువు ఇవ్వండి, కళ్లద్దాలు మార్చుకోవాలి.

పుట్టి | జూలై 5, రాత్రి 9.20

మా రేవు దగ్గర ఒంటి రాయి ఉంది. పత్రికలో 858 వచ్చిన రోజు దాని తల మునుగుతుంది. ఆ రాయికి పుట్టి కట్టకూడదని మా వాళ్లందరికీ తెలుసు, కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. రాసుకోండి.

పాలమూరు పత్తిచేను | జూలై 6, ఉదయం 6.50

రేపు రేవుకు వెళ్లి మెట్లు లెక్కపెట్టి రాస్తాను. కేసీ కాలువ రైతు గారూ, మీ ఒడ్డు మెట్లు కూడా రాయండి.

కేసీ కాలువ రైతు | జూలై 6, ఉదయం 7.15

ఈ ఆదివారం వెళుతున్నాను.